కాళ్ళ దగ్గర్నుంచి పైకి: ట్రోమ్సోలో తొమ్మిది చలికాలాలు వాడిన ఫోటో సామాను

2016 సెప్టెంబరులో మా ఆయన ఉద్యోగం కోసం ట్రోమ్సో వచ్చాం. నార్వే మ్యాపులో పైకి పోతూ పోతూ ఆర్కిటిక్ వృత్తం దాటాక ఇంకో మూడు డిగ్రీలు ఎక్కితే తగిలే ఊరు ఇది. 69 డిగ్రీల 39 నిమిషాల ఉత్తర అక్షాంశం. వచ్చిన నెలలోనే దాచుకున్న డబ్బు తీసి ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొన్నాను. మిగిలినదాంతో లెన్సు, అందులో మిగిలినదాంతో ట్రైపాడు, చివరి చిల్లరతో చేతి తొడుగులు. బూట్ల దాకా వచ్చేసరికి పర్సు ఖాళీ. బందరు నుంచి తెచ్చుకున్న స్పోర్ట్స్ షూస్ ఉన్నాయిగా, చాల్లే అనుకున్నాను.

ఇప్పుడు 2025 వేసవి. తొమ్మిది చలికాలాలు అయ్యాయి. నేను కొన్న వరస ఉంది చూశారూ, అది మొత్తం తలకిందులు. కెమెరాల గురించి రాసేవాళ్ళంతా కెమెరాతోనే మొదలుపెడతారు కాబట్టి నేనూ అలాగే కొన్నాను. ఈ సమీక్ష మాత్రం కాళ్ళ దగ్గర్నుంచి పైకి రాస్తున్నాను. కంపెనీల పేర్లు, మోడళ్ళ నంబర్లు ఇవ్వడం లేదు. వీటిలో సగం ఇప్పుడు అంగట్లో దొరకవు, దొరికేవి కూడా పేరు అదే ఉంచి లోపల సరుకు మార్చేశారు. ఏ రకం వస్తువో చెబుతాను, మీకు దగ్గర్లో దొరికేది మీరు చూసుకోండి.

నా సంగతి రెండు ముక్కల్లో. పగలు ల్యాబులో టెక్నీషియన్ ఉద్యోగం. 2019 నుంచి దాన్ని సగం పూటకి తగ్గించుకుని, చలికాలంలో చిన్న చిన్న టూరిస్టు గుంపుల్ని ఫోటోలకి తీసుకెళ్తున్నాను. నాన్నకి బందరులో నలభై ఏళ్ళ పాటు ఫోటో స్టూడియో ఉండేది. సముద్రపు గాలికి లెన్సుల్లో బూజు పడుతుందని ఆయన వారానికోసారి వాటిని ఎండకి చూపించి, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచేవారు. ఎండే లేని రెండు నెలల్లో లెన్సుని దేనికి చూపించాలన్నది ఆయనకి నేను వేసిన మొదటి ప్రశ్న.

ఇక్కడి చలి గురించి మనవాళ్ళకి ఒక అపోహ. ట్రోమ్సో అంటే మైనస్ నలభై అనుకుంటారు. కాదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల ఊళ్ళో జనవరి సగటు మైనస్ నాలుగు చుట్టుపక్కలే. ఒక్కోసారి జనవరిలోనే వాన పడి, అది రాత్రికి గాజులా గడ్డకట్టి, పొద్దున జనమంతా బాతుల్లా నడుస్తారు. అసలు చలి లోపలి లోయల్లో ఉంటుంది. సముద్రం మీద మబ్బు పట్టిందంటే అరోరా (ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగు) కోసం అందరం షిబొట్న్ లోయకో, సరిహద్దు దాటి ఫిన్లాండు వైపు కిల్పిస్‌యార్వికో పరుగెడతాం. కొండలు వానని ముందే పిండేసుకుంటాయి కాబట్టి అక్కడ ఆకాశం తెరిపిగా ఉంటుంది, కానీ మైనస్ పాతిక మామూలే. అంటే సాయంత్రం ఐదింటికి సున్నా డిగ్రీల తడి మంచులో తడిసిన సామాను రాత్రి ఎనిమిదింటికల్లా మైనస్ పాతికలోకి పోతుంది. ఒట్టి చలిని చాలా వస్తువులు తట్టుకుంటాయి. తడిసి, ఆ వెంటనే గడ్డకట్టడాన్ని తట్టుకునేవి తక్కువ.

ఇక కాళ్ళు. మొదటి చలికాలం, డిసెంబరు. ఆ ఏడాది హెర్రింగ్ చేపల గుంపులు మా పక్క ద్వీపం క్వాలోయాలోని కాల్డ్‌ఫ్యోర్డ్ అనే సన్నటి సముద్రపు పాయలోకి వచ్చాయి, వాటి వెనకే ఓర్కాలూ హంప్‌బ్యాక్ తిమింగలాలూ వచ్చాయి. పడవ అక్కర్లేదు, రోడ్డు పక్కన నిలబడితే చాలు, నీళ్ళలోంచి అవి ఊపిరి వదిలే చప్పుడు వినపడేది. ఆ స్పోర్ట్స్ షూస్‌తో రాతి గట్టు మీద రెండు గంటలు నిలబడ్డాను. మొదటి అరగంట కాళ్ళు సలిపాయి. తర్వాత సలుపు తగ్గింది, అలవాటైందనుకున్నాను. అది అలవాటు కాదు, స్పర్శ పోవడం. ఇంటికొచ్చి గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో కాళ్ళు పెడితే, ప్రాణం తిరిగి వస్తున్నప్పుడు వేళ్ళలో పుట్టిన మంటకి పెద్ద పెట్టున ఏడ్చాను. మా ఆయనకి ఏం చేయాలో తెలీక పక్కింటి పెద్దావిడని పిలుచుకొచ్చాడు. ఆవిడ కాళ్ళు చూసి, తర్వాత గుమ్మం దగ్గర షూస్ చూసి, ఒక్క మాట అంది: రెండో సాక్సు వేయడానికి చోటు లేని బూటు బూటే కాదు అని.

తర్వాతి వారం కొన్న బూట్లే ఇప్పటికీ వాడుతున్నాను. కింద రబ్బరు, పైన తోలు, లోపల ఊడదీసి ఆరబెట్టుకునే దళసరి ఫెల్టు పొర. నా సైజు 36 అయితే 38 తీసుకున్నాను. బిగుతు బూట్లో ఎన్ని సాక్సులు వేసినా దండగే, వెచ్చదనం నిలవాలంటే లోపల గాలి ఉండాలి. ఫోటోలు తీసేవాళ్ళు నడవరు, నిలబడతారు. నడక బూట్ల ప్రకటనలు చూసి మోసపోకండి, అవి నడిచే కాళ్ళ వేడిని నమ్ముకుని చేసినవి. ఫెల్టు పొర రెండుసార్లు మార్చాను, రబ్బరు ఒకచోట పగిలితే సైకిల్ ట్యూబు ప్యాచీ వేశాను. తొమ్మిదేళ్ళలో నేను పెట్టిన ఖర్చుల్లో పైసా కూడా వృథా కానిది ఈ బూట్ల మీద పెట్టిందే.

ఇంకో చవక వస్తువు. ఇక్కడ కిండర్‌గార్టెన్ పిల్లల దగ్గర్నుంచి ప్రతివాళ్ళ సంచిలోనూ ఒక చిన్న ఫోము చాప ఉంటుంది, మంచులో ఎక్కడైనా పరుచుకుని కూర్చోవడానికి. సిట్టెఉండర్‌లాగ్ అంటారు. నేను దాని మీద కూర్చోను, నిలబడతాను. మంచుకీ బూటుకీ మధ్య ఆ అరంగుళం ఫోము పడితే మరో గంట అదనంగా నిలవొచ్చు. టూరిస్టులకి ఇదే మొదట పంచుతాను. మొదట నవ్వుతారు, ఓ గంటయ్యాక ఎవరూ దాని మీంచి దిగరు.

బూట్ల కింద తగిలించుకునే మేకుల పట్టీలు, బ్రొడ్డెర్ అంటారు వీటిని, లేకుండా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గడప దాటొద్దు. 2018లో 'ఎంత దూరం, కారు దాకానే కదా' అనుకున్నాను. జారి పడ్డాను. మోచెయ్యి వాచింది, లెన్సు ముందు బిగించిన ఫిల్టరు గాజు పగిలింది. ఆ ఫిల్టరే లెన్సుని కాపాడింది.

ట్రైపాడు దగ్గరికి వద్దాం. నాది రెండోది. మొదటిది, చిల్లర మిగిలితే కొన్నది, ప్లాస్టిక్ మీటలతో కాళ్ళు బిగించే రకం. మైనస్ ఇరవైలో ఒక మీట బిస్కెట్టులా ఫటుక్కున విరిగింది. అమ్మినవాళ్ళకి రాస్తే, గ్యారంటీ 'మామూలు వాడకానికే' వర్తిస్తుందన్నారు. ఈ ఊళ్ళో మైనస్ ఇరవై మామూలు వాడకం కాదట! రెండోది 2017లో కొన్న కార్బన్ ఫైబర్ ట్రైపాడు, మూడే మడతలు, తిప్పి బిగించే కీళ్ళు, మధ్యలో పైకి లేచే గొట్టం లేనిది. దీని మీద నాకు ఒకటే ఫిర్యాదు, మంచితనాలు చాలా.

అల్యూమినియం అయితే చెయ్యి అంటుకుపోతుంది. అంటుకుపోవడమంటే మాటవరసకి కాదు, తడి వేళ్ళయితే తోలు ఊడొస్తుంది. కార్బన్ అలా కాదు, అయినా పై భాగానికి ఫోము చుట్టాను. మెత్తటి లోతైన మంచులో నిలబెట్టేటప్పుడు ఒక కిటుకుంది. కాళ్ళని పూర్తిగా వెడల్పుగా తెరిచి కిందికి నొక్కితే, మంచు ఆ కాళ్ళని ఇంకా బయటికి తోస్తుంది, మొదట కీలు దెబ్బతినేది అక్కడే. కాళ్ళు సగమే తెరిచి నొక్కాలి, దిగుతూ దిగుతూ అవే తెరుచుకుంటాయి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఒక కీలు కిర్రుమన్నాక తెలిసింది. సముద్రపు ఒడ్డున వాడిన రోజు ఇంటికి రాగానే కాళ్ళన్నీ విప్పి మంచినీళ్ళతో స్నానం చేయించాలి. ఒక్కసారి బద్ధకించాను, సొమ్మరోయ్ తీరపు ఇసుక మరలో చేరి పది రోజులు కరకరలాడింది.

ఫిర్యాదు ట్రైపాడు తల గురించి. బంతి కీలు ఉన్న తలలో గ్రీజు ఉంటుంది. ఒక ఫిబ్రవరి రాత్రి షిబొట్న్‌లో మైనస్ 27. అరోరా నడినెత్తికి వచ్చింది, కెమెరాని పైకి తిప్పుదామంటే తల కదల్లేదు. గ్రీజు మైనంలా బిగుసుకుపోయింది. కారులో హీటరు ముందు పెట్టి ఇరవై నిమిషాలు కాచాను. ఆ ఇరవై నిమిషాల్లో ఆకాశంలో జరగాల్సిందంతా జరిగిపోయింది. తర్వాత ఇక్కడొక రిపేరు మనిషి ఆ గ్రీజంతా తుడిచేసి, చలికి బిగుసుకోని రకం వేసిచ్చాడు. మళ్ళీ ఆ ఇబ్బంది రాలేదు. కొత్త తల కొంటే ఒక రాత్రి ఫ్రీజర్లో పెట్టి చూడండి. ఇంట్లోవాళ్ళు ఏమన్నా అనుకోనీండి.

నాన్న 2019 ఫిబ్రవరిలో వచ్చారు. అరోరా చూపించడానికి ఎర్స్‌ఫ్యోర్డ్ తీసుకెళ్తే ఆకాశం కంటే ముందు ట్రైపాడుని పట్టుకుని ఊపి చూశారు. స్టూడియోలో ఆయనకి టేకు స్టాండు ఉండేది. "స్టాండు ఊగట్లేదమ్మా" అన్నారు. ఆ తర్వాత తల ఎత్తి చాలాసేపు ఏం మాట్లాడలేదు. కారెక్కాక మాత్రం, ఎక్స్‌పోజరు ఎంత ఇచ్చావని అడిగారు. ఆరు సెకన్లు, ఎఫ్ 2.8 (లెన్సు ఎంత తెరిచానన్నది), ఐ.ఎస్.ఓ. 1600 (వెలుగుని పట్టే చురుకు) అని చెప్పాను. 1600 ఫిల్ము ఎప్పుడూ వాడలేదు అన్నారు.

ఆయనకి ఆ రాత్రి దారిలో ఒక కథ చెప్పాను. అరోరాని మొదట ఫోటో తీసింది ఇక్కడికి ఇంకా పైన ఆల్టా దగ్గర బొస్సెకొప్‌లో, 1892లో, మార్టిన్ బ్రెండెల్ అనే జర్మన్. ఆ తర్వాత 1910లో కార్ల్ స్టోర్మర్ అనే నార్వే గణిత ఆచార్యుడు అదే బొస్సెకొప్ వచ్చి, కొన్ని కిలోమీటర్ల ఎడంగా రెండు కెమెరాలు పెట్టి, వాటి మధ్య టెలిఫోను తీగ లాగించి, ఒకేసారి నొక్కించాడు. రెండు ఫోటోల్లో నక్షత్రాల మధ్య అరోరా ఉన్న చోటులోని తేడాని బట్టి దాని ఎత్తు లెక్క కట్టాడు. కింది అంచు భూమికి దాదాపు వంద కిలోమీటర్ల ఎత్తున ఉంటుందని అలా తేలింది. నాన్నకి కథలో నచ్చింది లెక్క కాదు. "ఆ చలిలో గాజు ప్లేట్లు ఎలా మార్చారే!" అన్నారు.

ప్లేట్లు మార్చడమంటే చేతులే కదా. నేను ఎక్కువ డబ్బు తగలేసింది చేతి తొడుగుల మీదే. తొమ్మిదేళ్ళలో ఏడు జతలు. ఫోటోగ్రాఫర్ల కోసమనే ముద్రతో వేలి కొనలు తెరుచుకునే రకం మూడు జతలు కొన్నాను, మూడూ దండగ. ఐదు వేళ్ళకి ఐదు గదులున్న తొడుగు ఎంత దళసరిగా ఉన్నా మైనస్ పదిహేను దాటాక పనికిరాదు, ప్రతి వేలూ తన చలి తనే పడుతుంది. నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే మిట్టెన్సే దిక్కు. ఇప్పుడు నా పద్ధతి ఇది: లోపల పల్చటి మెరీనో ఉన్ని గ్లవ్స్, పైన పెద్ద మిట్టెన్స్, అవి మణికట్టుకి తాడుతో కట్టి. అవసరమైతే మిట్టెన్ వదిలేస్తే గాల్లో వేలాడుతుంది, పని ముగించి మళ్ళీ దూరిపోవచ్చు. తాడు లేకపోతే ఏదో ఒక రాత్రి గాలి ఒకటి ఎత్తుకుపోతుంది. ఒంటి మిట్టెన్‌తో కారు దాకా నడిచిన దాన్ని, నన్నడగండి.

చేతులు కొంకర్లు పోతే బటన్లు నొక్కలేం, అది చిన్న సమస్య. పెద్దది, బుర్ర పనిచేయదు. వేళ్ళు నొప్పెడుతుంటే 'ఇంక చాల్లే, పోదాం' అనిపిస్తుంది. నా చెడ్డ ఫోటోల్లో ఎక్కువభాగం అలా తొందరపడి తీసినవే. అందుకే ఫ్లాస్కు కూడా నా లెక్కలో ఫోటో సామానే. దాన్నిండా మిరియాల చారు పోసుకెళ్తాను. ఇక్కడివాళ్ళు కాఫీ తెచ్చుకుంటారు, పదకొండయ్యేసరికి నా చుట్టూ చేరతారు.

ఇప్పుడు తడి సంగతి. మొదటి నవంబరులో జరిగిన ఘోరం ఇది. మూడు గంటలు బయట తిరిగి, ఆకలేసి, కెమెరా మెడలో ఉండగానే తిన్నగా వంటింట్లోకి వచ్చాను. పొయ్యి మీద పప్పు కుక్కర్. మూడో విజిల్. ఆ ఆవిరి, ఆ గది వెచ్చదనం కెమెరాకి తగిలీ తగలగానే చల్లటి సోడా సీసాకి పట్టినట్టు ఒళ్ళంతా చెమట పట్టింది. గుడ్డతో తుడిచాను. మళ్ళీ పట్టింది. తుడవలేని చోట, లెన్సు లోపలి గాజు మీద కూడా తెల్లటి పొర. తెలివి ఎక్కువై, ఆరుతుందేమోనని బాల్కనీలో పెట్టాను. లోపలికి దిగిన తడి అక్కడ గడ్డకట్టింది. మూడు వారాలు సర్వీసు సెంటర్లో ఉంది కెమెరా, ధ్రువ రాత్రి, అంటే సూర్యుడే లేవని ఆ వారాల్లో, సగం దానికే పోయింది.

మందు చాలా సులువు. బయట చలిలో ఉండగానే కెమెరాని జిప్‌లాక్ సంచిలో పెట్టి గాలి పిండి మూసేయాలి. తర్వాత బ్యాగులో పెట్టి, ఆ బ్యాగుని ఇంట్లో వంటింటికి దూరంగా, చల్లటి గదిలో వదిలేయాలి. పొద్దున దాకా తెరవకూడదు. చెమ్మ పడితే సంచి పైన పడుతుంది, కెమెరా మీద కాదు. మెమరీ కార్డు మాత్రం బయటే తీసి జేబులో వేసుకోండి, లేకపోతే ఫోటోలు చూసుకోవాలన్న ఆత్రం ఆగదు, సంచి తెరిచేస్తారు. నాన్న చెప్పిన సిలికా జెల్ పొట్లం కూడా ఆ సంచిలో పడేస్తున్నాను, ఆయన తృప్తికి.

బ్యాటరీల గురించి అందరూ చెప్పేదే. ఇంట్లో తొమ్మిది వందల ఫోటోలు ఇచ్చే బ్యాటరీ మైనస్ పాతికలో నాకు రెండు వందలు దాటలేదు. అది ఛార్జి అయిపోవడం కాదు, చలికి లోపలి రసాయన క్రియ మందగించడం. ఒంటికి ఆనుకున్న జేబులో పావుగంట పెడితే చాలావరకు తిరిగి వస్తుంది. నా దగ్గర నాలుగున్నాయి. నిండినదానికి రబ్బరు బ్యాండు వేస్తాను, చీకట్లో తడిమితే తెలిసేలా. అయిపోయినదాని బ్యాండు తీసేస్తాను. టార్చీకి ఎర్ర లైటు ఉండాలి. తెల్ల లైటు ఒక్కసారి వెలిగించారంటే చీకటికి అలవాటుపడ్డ మీ చూపూ పోతుంది, పక్కవాళ్ళ ఫోటోలూ పోతాయి, స్నేహాలూ పోతాయి.

లెన్సు: 20 మిల్లీమీటర్లది, ఎఫ్ 1.8. దీన్నెప్పుడూ తప్పు పట్టలేదు. తొలి రెండేళ్ళు జూమ్ వాడాను, బరువు. అరోరాకి జూమ్ ఎందుకు, అది మీ మీదికి వస్తుంది. చెప్పాల్సింది ఫోకస్ గురించి. గొట్టం మీద అనంతం గుర్తు (బాగా దూరాన ఉన్నవాటికి ఫోకస్ అని) ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. చలికి లోహం, గాజు ముడుచుకుంటాయి, ఫోకస్ వెంట్రుకవాసి జరుగుతుంది. వెంట్రుకవాసి చాలు నక్షత్రం రాగిపిండి ముద్దలా కనపడటానికి. తెర మీద ఒక పెద్ద నక్షత్రాన్ని బాగా దగ్గరికి లాగి, అది చుక్క అయ్యేదాకా చేత్తో తిప్పి, రింగు మీద టేపు అతికిస్తాను. కొందరు పగలే టేపు వేసుకొస్తారు. ఆ పని చేసే ఒక మంచి రాత్రంతా పోగొట్టుకున్నాను. వాతావరణం పది డిగ్రీలు మారితే టేపు పీకి మళ్ళీ చూసుకోవాల్సిందే.

పక్షుల కోసం 150-600 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు కూడా కొన్నాను. తెల్లతోక గద్దల కోసం, చలికాలంలో తెల్లగా మారిపోయే టార్మిగాన్ పక్షి కోసం. కారు కిటికీలోంచి తీస్తే ఫోటోలన్నీ నీళ్ళలోంచి తీసినట్టు వణుకుతున్నాయి, లెన్సు లోపమని చాన్నాళ్ళు తిట్టుకున్నాను. తప్పు నాది. హీటరు వేసి కిటికీ తెరిస్తే, లోపలి వేడి గాలి బయటి చల్లగాలితో కలిసి, ఎండాకాలం తారు రోడ్డు మీద కనపడే ఆవిర్ల లాంటివే లేస్తాయి. హీటరు కట్టేసి, పది నిమిషాలు వణికి, అప్పుడు తీయాలి. మంచులో తెల్ల పక్షి అయితే కెమెరా లెక్క ప్రకారం అంతా బూడిద రంగు వస్తుంది, వెలుగు ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపంటే రెట్టింపు) పెంచాలి. లెన్సు మంచిదే, నాకే అంత ఓపిక లేదు.

ఇక అందరూ ముందు అడిగే కెమెరా. 2016లో కొన్న డి.ఎస్.ఎల్.ఆర్. (లోపల అద్దం ఉండే పాత రకం) ఇంకా పనిచేస్తోంది. 2022లో అద్దం లేని మిర్రర్‌లెస్ ఒకటి కొన్నాను. చీకట్లో దాని వ్యూఫైండర్లో, అంటే కన్ను ఆనించి చూసే చిన్న తెరలో, ఫ్రేము స్పష్టంగా కనపడటం నిజంగా వరం, పాతదాంట్లో గుడ్డిగా పెట్టి తీసి చూసుకోవాలి. కానీ బ్యాటరీ తాగేస్తుంది, మైనస్ ఇరవై దాటాక ఆ తెర నత్తనడక నడుస్తుంది. లోయకి పాతది, ఊరి చుట్టుపక్కలకి కొత్తది. ఫోటో చూసి ఏది దేంతో తీశానో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేకపోయారు, నాతో సహా. కొత్త ఫోన్లు కూడా అరోరాని బాగానే పడుతున్నాయి. గోడ మీద పెద్దగా వేయించాలనుకుంటే తప్ప, చూడ్డానికి వచ్చేవాళ్ళు కెమెరా కొనక్కర్లేదు. ఇది చెప్పి కొందరు కస్టమర్లని పోగొట్టుకున్నాను.

ఫోటోలతో బతకొచ్చా అని మన తెలుగు పిల్లలు మెసేజీలు పెడుతుంటారు. ఇక్కడ నాకు తెలిసిన ఫోటోగ్రాఫర్లలో ఫోటోలు అమ్మి బతికేవాళ్ళు లేరు. టూరిస్టులని తిప్పి, పాఠాలు చెప్పి, వేసవిలో ఇంకేదో చేసి బతుకుతారు. నేనైతే సగం జీతం వదులుకోలేదు కాబట్టి నిద్రపోతున్నాను. ఏటా క్యాలెండరు వేస్తాను. దాంట్లో అరోరా ఉన్న నెలలు టూరిస్టుల కోసం. ఊరివాళ్ళు చూసేది వాళ్ళ కొండ ఉందా లేదా అని. నేను ఎక్కువసార్లు ప్రింటు వేసిచ్చిన ఫోటో ధ్రువ రాత్రి మధ్యాహ్నం పన్నెండింటికి తీసింది. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా ఇక్కడ సూర్యుడు లేవడు, అయినా కటిక చీకటి కాదు. మధ్యాహ్నం రెండు గంటలు మంచంతా నీలంగా, దక్షిణాన చిన్న గులాబీ గీత. ఆ వెలుగులో ఒక పడవల పాక, కిటికీలో దీపం. అంతే ఉంది అందులో.

సీజన్ కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ సామానంతా ఏడాదిలో సగమే పని. ఏప్రిల్ మధ్యకొచ్చేసరికి రాత్రి సరిగ్గా చీకటి పడదు, మే 20 నుంచి జులై 22 దాకా సూర్యుడు అస్తమించడు. అరోరా పైన ఆడుతూనే ఉంటుంది, కనపడదు. 2024 మే 10 రాత్రి పెద్ద సౌర తుఫాను వచ్చింది గుర్తుందా, లడాఖ్ హాన్లేలోని అబ్జర్వేటరీ కెమెరాలకి కూడా ఎర్రటి వెలుగు దొరికింది. ధ్రువానికి అంత దూరం నుంచి చూస్తే ఎత్తున ఉండే ఎరుపే దిగంతం పైకి కనపడుతుంది, కింది పచ్చదనం భూమి వంపు చాటున ఉండిపోతుంది. మర్నాడు బందరు నుంచి మా పిన్ని ఫోను.

"ఏమే, హిమాలయాల్లో కనిపించిందట కదా. నువ్వు ఎన్ని తీశావు?"

"ఒక్కటీ లేదు పిన్నీ. మాకు రాత్రి పన్నెండింటికి పేపరు చదువుకునేంత వెలుతురు."

"అక్కడిదాకా పోయి ఇదా చూసేది!"

ఆ రాత్రి నిజంగానే బయటికెళ్ళి నిలబడ్డాను, ట్రైపాడు కూడా తీసుకెళ్ళాను. పాలిపోయిన ఆకాశం, ఒకటీ రెండు నక్షత్రాలు. పక్కింటి పిల్లాడు సైకిలు తొక్కుకుంటూ ఏం తీస్తున్నావని అడిగితే జవాబు దొరకలేదు.

ఎవరైనా ఇప్పుడు మొదలుపెడుతుంటే, చేతిలో ఉన్న డబ్బులో మూడో వంతు బూట్లకీ బట్టలకీ తీసేయమంటాను. తర్వాత ట్రైపాడు. లెన్సు ఒకటి, ఫోకస్ రింగు చేతికి బాగా తగిలేది. కెమెరా సెకండ్‌హ్యాండ్‌ది తీసుకోండి, ఐదారేళ్ళ పాతదైనా ఫరవాలేదు. 150-600 నేను అమ్మేస్తున్నాను, గద్దలకి నా మీద ఎలాగూ ప్రేమ లేదు. మిట్టెన్స్ ఎడమదానికి బొటనవేలి దగ్గర చిరుగు పడింది, అమ్మ వీడియోలో చూపించిన కుట్టు వేశాను, నిలుస్తుందో లేదో అక్టోబరులో తెలుస్తుంది. బూట్లకి ఈ ఆగస్టులోనే కొత్త ఫెల్టు పొర ఆర్డరు పెట్టాలి. నవంబరు దాకా ఆగితే 38 సైజు దొరకదు.